క్యాలెండర్ బొమ్మ వద్దు... ఫొటో తీయండి!

అనంతపురం కరువు అనగానే ఏం తీస్తారు? నెర్రెలిచ్చిన చెరువు, ఆకాశం వైపు చూస్తున్న ముసలి రైతు, వెనకాల ఎర్రటి పొద్దు. బాగానే ఉంటుంది. కానీ అది క్యాలెండర్ బొమ్మ! పోర్ట్‌ఫోలియోలో అలాంటివి పది కనిపిస్తే చూసేవాళ్లు పేజీ తిప్పేస్తారు.

ఈ జబ్బు పాతదే. 1900 ప్రాంతంలో చాలామంది ఫొటోగ్రాఫర్లు తమదీ కళేనని ఒప్పించడానికి ఫొటోను పెయింటింగ్‌లా మసకగా తీసేవారు. ప్రింటు మీద కుంచె కూడా ఆడించేవారు. దీంతో తెగతెంపులు చేసుకున్నవారిలో రష్యాకు చెందిన అలెగ్జాండర్ రోడ్చెంకో ఒకరు. నిజానికి ఆయనే చిత్రకారుడు. 1921లో ఎరుపు, పసుపు, నీలం... ఒక్కో రంగే పూసిన మూడు కాన్వాసులు ప్రదర్శించి, ఇక పెయింటింగ్ పని అయిపోయిందన్నారు. తర్వాత కెమెరా పట్టారు. 1925లో మాస్కోలో తానుంటున్న భవనం బాల్కనీలను కింద నిలబడి, తలెత్తి తీశారు. అప్పట్లో కెమెరాను పొట్ట దగ్గర పట్టుకుని తీయడం అలవాటు. అక్కడి నుంచి తప్ప ఎక్కడి నుంచైనా తీయండి అనేవారాయన.

మనకు అలాంటి చోట్లు తక్కువా? మిద్దె మీద నుంచి శెనక్కాయ కుప్పలు, నేల మీద కూర్చుని బోరు లారీ, రామగిరి గాలిమరల నీడలు. మిట్టమధ్యాహ్నపు ఎండ బాలేదని ఫోన్ జేబులో పెట్టేయకండి. రైతు కన్నీళ్ల కన్నా, చేలో నీళ్లు పడక వదిలేసిన మూడు కేసింగ్ పైపులు ఎక్కువ చెబుతాయి.

పెళ్లి ఆల్బమ్‌ల పనీ చిన్నదేం కాదు, చాలామందికి నెల గడిచేది దాంతోనే. ఇంకా చదవాలంటే హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో బీఎఫ్‌ఏ ఫొటోగ్రఫీ ఉంది. డిగ్రీ అయినవాళ్లు గాంధీనగర్ ఎన్‌ఐడీలో ఫొటోగ్రఫీ డిజైన్ కోర్సు చూడొచ్చు.