కొండెక్కే ముందు మనసు కడుక్కోవాలి
గుణదల మాత మొక్కుల వెనుక ఉన్న పరమార్థం

సంక్రాంతి వెళ్లి, వరి నూర్పిళ్లు ముగిసి, మాగాణుల్లో మినుము కాపు మీద ఉండే రోజుల్లో మన పల్లెల జనం గుణదల బాట పడతారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడ గుణదల కొండపై మేరీమాత ఉత్సవాలు జరుగుతాయి. బస్సుల్లో, రైళ్లలో, కాలినడకన వచ్చిన భక్తులతో కొండ కిటకిటలాడుతుంది. తలనీలాలు ఇచ్చేవారు కొందరు, కొబ్బరికాయలు కొట్టేవారు కొందరు, కొవ్వొత్తులు వెలిగించేవారు కొందరు. కతోలికులే కాదు, హిందువులు కూడా ఎందరో ఈ తల్లి దగ్గరకు వచ్చి మొక్కులు తీర్చుకుంటారు.

గుణదలలోని సెయింట్ జోసెఫ్ సంస్థకు పెద్దగా ఉన్న ఇటలీ దేశపు గురువు ఫాదర్ ఆర్లాటి 1920 దశకంలో ఈ కొండపై మరియమాత స్వరూపాన్ని ప్రతిష్ఠించారు. నాడు చిన్నగా మొదలైన పండుగ నేడు రాష్ట్రమంతటికీ తెలిసిన మహోత్సవమైంది.

ఫిబ్రవరి 11వ తేదీకి ఒక కథ ఉంది. 1858లో అదే రోజున ఫ్రాన్సు దేశంలోని లూర్దు అనే ఊళ్లో బెర్నదెత్ అనే 14 ఏళ్ల పిల్ల కట్టెపుల్లలు ఏరుకోవడానికి నది ఒడ్డుకు వెళ్లింది. తండ్రి పిండిమర చేజారిపోయి, ఆ కుటుంబమంతా ఒకప్పుడు జైలుగా వాడిన ఒంటిగదిలో తలదాచుకుంటున్న రోజులవి. పిల్లకు చదువు రాదు, పైగా ఉబ్బసం. అక్కడి గుహలో ఆమెకు ఒక స్త్రీమూర్తి కనిపించింది. జూలై 16లోగా మొత్తం 18 సార్లు దర్శనమైంది.

ఫిబ్రవరి 25న ఆ తల్లి, ఊటలో నీరు తాగి ముఖం కడుక్కోమని చెప్పింది. అక్కడ ఊట లేదు. పిల్ల చేత్తో నేలను గోకితే బురద వచ్చింది. ఆ బురదనీళ్లే తాగి, ముఖానికి పూసుకుంది. చూసినవారు పిచ్చిదన్నారు. తర్వాత ఆ బురదే తేటపడి ఊటగా పారింది. ఆ నీరు నేటికీ పారుతూనే ఉంది.

మార్చి 25న ఆ తల్లి తాను అమలోద్భవినని చెప్పింది. అంటే పుట్టుకలోనే పాపపు మచ్చ సోకనిదని అర్థం. పోలీసు అధికారి గద్దించి అడిగినా, గురువు గుచ్చిగుచ్చి అడిగినా బెర్నదెత్ మాట మార్చలేదు. జనం ఇవ్వబోయిన డబ్బును ముట్టుకోలేదు. లోపల ఒకటి, బయట ఒకటి లేని ఆ తీరునే హృదయశుద్ధి అంటారు.

మనం గమనించవలసింది మరొకటి ఉంది. ఊటను చూపిన బెర్నదెత్‌కే జబ్బు నయం కాలేదు. ఈ లోకంలో సుఖపెడతానని ఆ తల్లి ఆమెకు మాట ఇవ్వలేదు. తర్వాత కన్యాస్త్రీ అయిన బెర్నదెత్ 1879లో 35 ఏళ్లకే కన్నుమూసింది. 1933లో తిరుసభ ఆమెను పునీతురాలిగా ప్రకటించింది. ఆమెను గౌరవించింది దర్శనాలు కలిగినందుకు కాదు, ఆమె బతికిన తీరుకు.

లూర్దుకు ఇన్నేళ్లలో కోట్ల మంది వెళ్లినా, వైద్యులతో పరీక్ష చేయించి తిరుసభ అద్భుతాలుగా ఒప్పుకొన్న స్వస్థతలు 70 పైచిలుకు మాత్రమే. ఒంటి జబ్బు కుదరడం అందరికీ దక్కకపోవచ్చు. మనసు తేటపడటం మాత్రం అడిగిన ప్రతివారికీ దొరికే వరం. బిడ్డ కోసం, పంట కోసం, రోగం తగ్గడం కోసం తల్లిని అడగడం తప్పు కాదు. అయితే ఆరాధన దేవునికే చెల్లుతుందని, తల్లి మన తరఫున కుమారునికి మనవి చేస్తుందని కతోలిక బోధ.

హృదయశుద్ధి గలవారు దేవుని చూస్తారని ఆ కుమారుడు కొండమీద బోధించాడు. కానుక అర్పించబోతుండగా సోదరునికి నీ మీద కోపం ఉందని గుర్తొస్తే, కానుకను అక్కడే వదిలి ముందు వెళ్లి రాజీపడమని కూడా చెప్పాడు. పొలం గట్టు జానెడు జరిగిందని అన్నదమ్ములు మాటలు మానుకున్న ఇళ్లు మన ఊళ్లలో ఎన్ని లేవు? గట్టు తగాదా అట్టే పెట్టుకుని తలనీలాలు ఇస్తే జుట్టు పోతుంది గాని బరువు దిగదు. తూకంలో మోసం, అప్పు పత్రంలో అబద్ధం, పొరుగింటి పిల్ల మీద వేసిన నింద, ఇవన్నీ మనసులోని బురదే. ఉత్సవాల్లో పాపసంకీర్తనం వినడానికి గురువులు కూర్చునేది ఆ బురద తోడుకోవడానికే.

ఈసారి గుణదలకు బయలుదేరేవారు కొబ్బరికాయ, కొవ్వొత్తి సర్దుకునే ముందు ఒక్కసారి తమ్ముడి గుమ్మం తొక్కి రండి. కొండ మెట్లు ఎక్కడం కంటే ఆ గుమ్మం ఎక్కడమే కష్టం. ఆ తల్లికి తీర్చవలసిన మొదటి మొక్కు అదే.