షాంఘైతో ఎమిలీ స్నేహం

షాంఘైలో నాన్‌జింగ్ రోడ్డు హువాంగ్‌పూ నదిని కలిసే మూలన, ఆకుపచ్చని రాగి కప్పుతో నిటారుగా నిలబడ్డ భవనం ఒకటుంది. ఇప్పుడు దాని పేరు పీస్ హోటల్. 1929లో తలుపులు తెరిచినప్పుడు కాథే హోటల్. ఆ రోజుల్లో షాంఘైకి వచ్చిన షోకైన ప్రయాణికులంతా ఏదో ఒక సాయంత్రం ఇక్కడ తేలేవారు. 1935లో అక్క హెలెన్‌తో కలిసి ఓడ దిగిన ముప్పయ్యేళ్ల అమెరికన్ యూదు రచయిత్రి ఎమిలీ హాన్ కూడా అలాగే తేలింది. కొద్ది రోజులుండి వెళ్లిపోదామనుకున్నారు. అక్క వెళ్లిపోయింది. చెల్లెలు ఉండిపోయింది.

షాంఘై గురించి ఎందరో రాశారు. ఒప్పందాలు, యుద్ధాలు, బ్యాంకుల లెక్కలు అన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి. ఆ ఊరి మనుషులు దొరకాలంటే మాత్రం ఎమిలీ రాతల్లోకి వెళ్లాల్సిందే.

వద్దన్న చదువే చదివి...

సెయింట్ లూయిస్‌లో జర్మన్ యూదు కుటుంబంలో 1905లో పుట్టిన ఎమిలీని ఇంట్లో ముద్దుగా మిక్కీ అనేవారు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆమె కోరుకున్న కెమిస్ట్రీ కోర్సు ఇంజినీరింగ్ విద్యార్థులకే పరిమితం. అయితే ఇంజినీరింగే చదువుతానంది. ఆడవాళ్ల బుర్రకు యంత్రశాస్త్రం ఎక్కదన్నారు అక్కడి అధ్యాపకుడొకరు. ఆ మాటతో పట్టుదల పెరిగి, 1926లో మైనింగ్ ఇంజినీరింగ్ పట్టా పుచ్చుకుంది. ఆ విశ్వవిద్యాలయంలో ఆ పట్టా అందుకున్న తొలి మహిళ ఆమే.

ఉద్యోగం ఆమెను ఎక్కువ కాలం కట్టిపడేయలేకపోయింది. అంతకు ముందే, చదువుకునే రోజుల్లోనే స్నేహితురాలితో కలిసి, మగవేషం వేసుకుని, ఫోర్డ్ మోడల్-టి కారులో అమెరికాను చుట్టింది. దారిలో రాసిన ఉత్తరాలు చదివి మురిసిపోయిన బావగారు వాటిని ‘ద న్యూయార్కర్’ పత్రికకు పంపారు. 1929లో ఆ పత్రికలో అచ్చు కావడం మొదలైన ఆమె రచనలు 1996 దాకా వస్తూనే ఉన్నాయి. మధ్యలో బెల్జియన్ కాంగో అడవుల్లో, రెడ్‌క్రాస్ వైద్య కేంద్రంలో పనిచేసింది. షాంఘై చేరేనాటికే ఆమెకు కొత్త చోటంటే బెరుకు పోయింది.

ముగ్గురు దొరల ఊరు

1842 నాన్‌కింగ్ ఒప్పందం తర్వాత విదేశీయులకు తెరుచుకున్న రేవు షాంఘై. ముప్పయ్యో దశకానికి ఒకే ఊళ్లో మూడు పాలనలు నడిచేవి. బ్రిటిష్, అమెరికన్ల పెత్తనంలోని ఇంటర్నేషనల్ సెటిల్‌మెంట్, ఫ్రెంచివారి వాటా, మిగతాది చైనా ప్రభుత్వానిది. వీధి దాటితే చట్టం మారిపోయేది. సెటిల్‌మెంట్ కూడళ్లలో ట్రాఫిక్‌ను తలపాగా చుట్టిన సిక్కు పోలీసులు నడిపేవారు.

కాథే హోటల్ యజమాని సర్ విక్టర్ ససూన్‌కు మన దేశంతో గట్టి సంబంధం ఉంది. బాగ్దాద్ నుంచి బొంబాయి వచ్చి స్థిరపడిన యూదు కుటుంబం వాళ్లది. చైనాకు ఎగుమతైన భారతీయ నల్లమందులోనూ, తర్వాత బొంబాయి బట్టల మిల్లుల్లోనూ ఆ సంపద పెరిగింది. మగ్గం ముందు పూట గడవక తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీలకు బతుకుతెరువైన మిల్లుల పేటలో ససూన్లు పెద్ద యజమానులు. ఆ డబ్బులో పెద్ద భాగాన్ని విక్టర్ షాంఘై భవనాల్లోకి మళ్లించారు. బండ్ అని పిలిచే నదీతీరపు వీధి మీది ఆ మెరుపులో కార్మికుల చెమటా, నల్లమందుకు బానిసలైన వాళ్ల కన్నీళ్లూ కలిసే ఉన్నాయి.

విక్టర్, ఎమిలీ మంచి స్నేహితులయ్యారు. ఆయన ఆమెకు కారు బహూకరించారు. ఊరు చెవులు కొరుక్కుంది. ఎమిలీ పట్టించుకోలేదు.

మిస్టర్ మిల్స్ వేంచేశారు

తెల్లవాళ్లంతా ఫ్రెంచి పేటలో తోటల ఇళ్లు వెతుక్కుంటే, ఎమిలీ కియాంగ్సీ రోడ్డులో అద్దెకు దిగింది. అది పడుపువృత్తి సాగే వీధుల పక్కనున్న బ్యాంకుల పేట. వచ్చీపోయే జనం, రాత్రంతా సందడి. ఆమెకు కావలసింది అదే. ‘నార్త్ చైనా డైలీ న్యూస్’కు వార్తలు రాసింది. గిబ్బన్ జాతి వానరాన్ని పెంచుకుని, మిస్టర్ మిల్స్ అని పేరు పెట్టింది. దర్జీ చేత దానికి కొలతలు తీయించి కోటు కుట్టించింది. విందులకు వెంటబెట్టుకుని వెళ్లేది. మర్యాదస్తులు ముక్కున వేలేసుకునేవారు. పిలవడం మాత్రం మానలేదు.

ఆమెకు చైనా తలుపు తీసినవాడు షావ్ షున్‌మెయ్. ఇంగ్లిష్ పాఠకులకు సిన్‌మే జావ్. కేంబ్రిడ్జిలో చదివి వచ్చిన కవి, ప్రచురణకర్త. పొడవాటి చైనా అంగరఖా తప్ప సూటు తొడగని పాతకాలపు అందగాడు. ఆయనకు పెళ్లయింది, పిల్లలున్నారు. అయినా ఎమిలీతో ప్రేమలో పడ్డారు. ఆ ఇంటి భోజనాల బల్ల దగ్గర ఆమె విన్న కబుర్లు, బంధువుల తగాదాలు, అప్పుల బాధలు ‘మిస్టర్ పాన్’ కథనాలుగా న్యూయార్కర్‌లో వచ్చాయి. చైనా అంటే వరదలూ కరువులే అనుకుంటున్న అమెరికన్లకు, తమలాగే విసుక్కుంటూ, నవ్వుతూ, అప్పులు ఎగ్గొడుతూ బతికే ఒక చైనా కుటుంబం పరిచయమైంది.

సరదాకు మూల్యం కూడా చెల్లించింది. సిన్‌మే ఇంట్లోనే నల్లమందు అలవాటై, వ్యసనంగా ముదిరింది. చివరికి ఒక జర్మన్ వైద్యుడి హిప్నాటిజం చికిత్సతో బయటపడింది. ఆ కథను 1969లో ‘ద బిగ్ స్మోక్’ అనే వ్యాసంలో ఏదీ దాచకుండా రాసింది.

అచ్చుయంత్రం కోసం పెళ్లి

1937 ఆగస్టులో జపాన్‌తో యుద్ధం ఊరి మీదికొచ్చింది. ఆగస్టు 14న నదిలోని జపాన్ యుద్ధనౌకకు గురిపెట్టిన చైనా విమానాల బాంబులు గురితప్పి నాన్‌జింగ్ రోడ్డు మీద, కాథే హోటల్ ముంగిట పడ్డాయి. వందలాది మంది చనిపోయారు. సిన్‌మే అచ్చుయంత్రం జపాన్ సైన్యం పట్టులో ఉన్న యాంగ్‌జెపూలో చిక్కుకుపోయింది. చైనీయుడి ఆస్తి అయితే చేజారినట్టే. అమెరికన్ ఆస్తి అయితే జపాన్ వాళ్లు ముట్టుకోరు. అందుకే ఎమిలీ ఆయన భార్యనని కాగితం మీద సంతకం చేసింది. సిన్‌మే భార్య కూడా సరేనంది. యంత్రం బయటపడింది.

1938లో ఎమిలీ, సిన్‌మే ఇంగ్లిష్‌లో ‘క్యాండిడ్ కామెంట్’, దానికి తోడుగా ఒక చైనా పత్రికా నడిపారు. దీర్ఘకాలిక యుద్ధంపై మావో రాసిన వ్యాసాలకు ఇంగ్లిష్ అనువాదం అందులోనే ధారావాహికగా వచ్చింది.

వీసా అడగని రేవు

అదే ఏడాది చివర నుంచి హిట్లర్ పాలన తరిమేసిన యూదులు పెద్ద సంఖ్యలో షాంఘైలో దిగసాగారు. ప్రపంచమంతా తలుపులు మూసుకున్న వేళ, వీసా లేకుండా కాలుపెట్టనిచ్చిన రేవు ఇదొక్కటే. ఇటలీ ఓడల్లో సూయజ్, బొంబాయి, కొలంబో, సింగపూర్, హాంకాంగ్‌ల మీదుగా వచ్చేవారు. 1939 ఆగస్టులో ఆంక్షలు మొదలైనా రాక పూర్తిగా ఆగలేదు. మొత్తం ఇరవై వేలకు దగ్గరగా చేరారు. ససూన్ తన ఎంబాంక్‌మెంట్ హౌస్‌లో వారికి చోటిచ్చారు. ఎక్కువమంది హాంగ్‌కౌ పేటలో ఇరుకు గదుల్లో తలదాచుకుని, రొట్టెల దుకాణాలు, కాఫీ హోటళ్లు పెట్టుకున్నారు. 1943లో జపాన్ సైన్యం వాళ్లను అక్కడే ఒక హద్దులో నిర్బంధించింది.

ఎమిలీ అప్పటికి హాంకాంగ్‌లో ఉంది. చైనా రాజకీయాల్లో పేరున్న సూంగ్ అక్కచెల్లెళ్ల జీవితచరిత్ర రాసి, 1941లో బ్రిటిష్ సైనికాధికారి చార్లెస్ బాక్సర్ ద్వారా ఆడపిల్లను కన్నది. ఆ డిసెంబరులో హాంకాంగ్ జపాన్ వశమైంది. మిగతా అమెరికన్లను శిబిరంలో పెట్టినా ఎమిలీ బయటే ఉండగలిగింది. చైనీయుడిని పెళ్లాడిన స్త్రీగా ఆమెను చైనా జాతీయురాలి కింద లెక్కవేశారు మరి. అచ్చుయంత్రం కోసం పెట్టిన సంతకం పసిబిడ్డ తల్లిని కాపాడింది. ఖైదీగా ఉన్న బాక్సర్‌కు తిండి పొట్లాలు మోస్తూ బతుకీడ్చింది. 1943లో అమెరికా, జపాన్‌ల మధ్య పౌరుల మార్పిడి గోవాలోని మార్ముగావ్ రేవులో జరిగింది. అక్కడే ఓడ మారి, బిడ్డతో న్యూయార్క్ చేరింది.

సిన్‌మేకు ఆ అదృష్టం దక్కలేదు. 1958లో జైలు పాలై, 1968లో పేదరికంలో కన్నుమూశారు. ఆ కవి కథ తెలియకుండా షాంఘై చూడటం సగం చూడటమే.

వెళితే ఇలా వెళ్లండి

ఈస్ట్ నాన్‌జింగ్ రోడ్ మెట్రో స్టేషన్‌లో దిగితే పీస్ హోటల్ నడిచే దూరం. వృద్ధ కళాకారుల జాజ్ బృందానికి ఈ హోటల్ ప్రసిద్ధి. అక్కడి నుంచి ఉత్తరంగా నడిస్తే 1907 నాటి ఉక్కు వంతెన, అప్పటి గార్డెన్ బ్రిడ్జి, ఇప్పటి వైబైడూ వస్తుంది. ఆవలి ఒడ్డు హాంగ్‌కౌ. అక్కడ 1927 నాటి ఓహెల్ మోషే ప్రార్థనా మందిరం ఇవాళ యూదు శరణార్థుల మ్యూజియం. శరణార్థుల పేర్లు చెక్కిన గోడ దగ్గర తీరిగ్గా నిలబడండి.

బయల్దేరే ముందు ఎమిలీ 1944లో ప్రచురించిన ‘చైనా టు మీ’ చదవండి. కొత్త ఊరిని అర్థం చేసుకోవడానికి పాండిత్యం కన్నా ముందు కావలసింది మనుషుల మీద ఇష్టమని ఆ పుస్తకం నేర్పుతుంది. పిలిచిన ఇంటికల్లా వెళ్లి, పెట్టింది తిని, తలుపు మూసే దేశాల కాలంలో పరాయివారితో చుట్టరికం కలుపుకుంది ఎమిలీ. ఆ గుణం లేనివాళ్లకు షాంఘై ఒక భవనాల వరుస. ఉన్నవాళ్లకు అది ఇప్పటికీ మనుషుల ఊరే.