ఉమ్మడి లైబ్రరీల వెర్షన్ సంఖ్యలు: నిర్వహణ నియమాలు

వ్యాససంగ్రహం:
ఒకే లైబ్రరీని అనేక ప్రోగ్రాములు పంచుకొని వాడుకొనే వ్యవస్థలో వెర్షన్ సంఖ్యకు ప్రత్యేకమైన బాధ్యత ఉంది. అది అభివృద్ధి ఎంతవరకు వచ్చిందో తెలిపే గుర్తు మాత్రమే కాదు. ఇప్పటికే తయారైన ప్రోగ్రాములు ఇకముందు కూడా పనిచేస్తాయన్న హామీ. ఆ హామీని నిలబెట్టే నియమాలను లైనక్స్ వ్యవస్థ ఆధారంగా వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ఉమ్మడి లైబ్రరీ, వెర్షన్ సంఖ్య, సోనేమ్, బైనరీ ఇంటర్‌ఫేస్, లిబ్‌టూల్.

1. ఉపోద్ఘాతం
ప్రోగ్రాములకు తరచుగా అవసరమయ్యే ఫంక్షన్లను ఒకచోట చేర్చిన ఫైలును లైబ్రరీ అంటారు. ప్రోగ్రాము నడిచే సమయంలో దానితో జతపడుతూ, ఒకే ప్రతి అనేక ప్రోగ్రాములకు ఉపయోగపడితే అది ఉమ్మడి లైబ్రరీ. దీనివలన మెమరీ ఆదా అవుతుంది. అంతకంటె ముఖ్యమైన ప్రయోజనం భద్రతకు సంబంధించినది. 2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీలో ‘హార్ట్‌బ్లీడ్’ లోపం బయటపడినప్పుడు, దానిని ఉమ్మడిగా వాడుకొంటున్న ప్రోగ్రాములను తిరిగి కంపైల్ చేయవలసిన అవసరం లేకపోయింది. సవరించిన లైబ్రరీని అమర్చి, ప్రోగ్రాములను మళ్లీ ప్రారంభించడంతో ఆ లోపం మూసుకుపోయింది. అయితే ప్రమాదం కూడా ఈ సౌలభ్యంలోనే ఉంది. ఒక్క ఫైలులో జరిగిన పొరపాటు దానిపై ఆధారపడిన ప్రోగ్రాములన్నింటికీ సోకుతుంది.

2. మూడు పేర్లు
‘గణిత’ అనే లైబ్రరీ ఉన్నదనుకొందాం. లైనక్స్‌లో దానికి మూడు పేర్లు ఉంటాయి. ‘లిబ్‌గణిత.ఎస్‌ఓ.2.1.2’ అసలు ఫైలు పేరు. ‘లిబ్‌గణిత.ఎస్‌ఓ.2’ దాని సోనేమ్. ‘లిబ్‌గణిత.ఎస్‌ఓ’ అనేది ప్రోగ్రామును నిర్మించేటప్పుడు లింకర్ వెదికే పేరు. నిర్మాణం పూర్తయిన ప్రోగ్రాములో నమోదయ్యేది సోనేమ్ మాత్రమే. ఫైలు 2.1.3గా మారినా సోనేమ్ మారనంతవరకు పాత ప్రోగ్రాము కొత్త ఫైలును స్వీకరిస్తుంది. కనుక హామీ అంతా సోనేమ్‌లోని సంఖ్యపైనే ఆధారపడి ఉంది.

3. హామీ ఎప్పుడు భంగమవుతుంది?
ఒక ఫంక్షన్‌ను తొలగించినా, దాని పరామితులను మార్చినా హామీ భంగమైనట్లే. అంత సులభంగా కనిపించని సందర్భాలు కూడా ఉన్నాయి. ప్రోగ్రాములు నేరుగా వాడుకొనే ఒక స్ట్రక్చర్ మధ్యలో కొత్త సభ్యాన్ని చేర్చినప్పుడు సోర్స్ కోడ్‌లో ఏ మార్పూ అవసరం ఉండకపోవచ్చు. కాని ముందే కంపైల్ అయిన ప్రోగ్రాము పాత స్థానంలోనే విలువను వెదకుతుంది. దోషసందేశం ఏదీ రాకుండానే తప్పు ఫలితం రావచ్చు. సోర్స్ స్థాయి పొందిక వేరు, బైనరీ స్థాయి పొందిక వేరు అని చెప్పడానికి కారణం ఇదే.

4. లిబ్‌టూల్ విధానం
లిబ్‌టూల్ అనే నిర్మాణ సాధనం మూడు సంఖ్యలను పాటిస్తుంది. ప్రస్తుత ఇంటర్‌ఫేస్ సంఖ్య మొదటిది. అదే ఇంటర్‌ఫేస్‌పై జరిగిన సవరణల సంఖ్య రెండవది. వెనుకటి ఇంటర్‌ఫేస్‌లలో ఎన్నింటికి మద్దతు కొనసాగుతున్నదో తెలిపే ‘వయస్సు’ మూడవది. లైనక్స్‌లో మొదటి సంఖ్యలోనుండి వయస్సును తీసివేస్తే సోనేమ్ సంఖ్య వస్తుంది.

గణిత లైబ్రరీ 3:2:1 వద్ద ఉన్నదనుకొంటే సోనేమ్ సంఖ్య 2. దీనిపై మూడు రకాల మార్పులను పరిశీలించవచ్చు.

అ) లోపలి దోషాన్ని మాత్రమే సరిచేస్తే 3:3:1 అవుతుంది. సోనేమ్ 2గానే ఉంటుంది.
ఆ) పాతవాటిని కదిలించకుండా కొత్త ఫంక్షన్‌ను చేర్చితే 4:0:2 అవుతుంది. సోనేమ్ అప్పటికీ 2.
ఇ) ఆ తరువాత ఒక ఫంక్షన్‌ను తొలగిస్తే 5:0:0 అవుతుంది. సోనేమ్ 5గా మారుతుంది.

2 నుండి 5కు దాటడం దోషం కాదు. సోనేమ్‌లు వేరుగా ఉండడమే ప్రధానం. ఈ సంఖ్యలను ప్రతి చిన్న మార్పుకూ కాక, బహిరంగ విడుదలకు ముందు ఒక్కసారి మాత్రమే మార్చాలి.

5. విడుదల సంఖ్య, సోనేమ్ సంఖ్య
ఈ రెండింటినీ ఒకటిగా భావించడం తరచుగా జరిగే పొరపాటు. గ్నూ సి లైబ్రరీ 2.0 వెర్షన్ 1997లో వెలువడింది. తరువాత ఎన్నో విడుదలలు వచ్చినా, ప్రధాన వేదికలపై దాని సోనేమ్ సంఖ్య 6గానే కొనసాగుతున్నది. అందులో ఫంక్షన్లకు విడివిడిగా వెర్షన్ గుర్తులు ఉండడమే ఇందుకు సహాయపడింది. ఉదాహరణకు, 64 బిట్ల ఇంటెల్ తరహా యంత్రాలపై ‘మెమ్‌కాపీ’ ఫంక్షన్‌ను వేగవంతం చేసినప్పుడు, దానిని నియమవిరుద్ధంగా వాడిన కొన్ని ప్రోగ్రాములు దెబ్బతిన్నాయి. 2011లో వచ్చిన 2.14 వెర్షన్‌లో ఆ ఫంక్షన్‌కు కొత్త గుర్తునిచ్చి, పాత ప్రోగ్రాములకు పాత గుర్తుతో సురక్షితమైన రూపాన్ని నిలిపి ఉంచారు.

6. ముగింపు
మార్చవలసినప్పుడు సోనేమ్‌ను మార్చకపోతే పాత ప్రోగ్రాములు చెడిపోతాయి. అనవసరంగా మార్చితే వాటినన్నింటినీ తిరిగి నిర్మించవలసి వస్తుంది. నిర్మించేవారు లేని ప్రోగ్రాములు పాత లైబ్రరీతోనే మిగిలిపోయి భద్రతా సవరణలకు దూరమవుతాయి. కాబట్టి సంఖ్యను నిర్ణయించవలసింది విడుదల ఎంత గొప్పదన్న భావన కాదు, బైనరీ ఇంటర్‌ఫేస్‌లో నిజంగా ఏమి మారిందన్న పరిశీలన. లైబ్రరీ నిర్మాతకు తన లైబ్రరీని వాడేవారందరూ తెలియరు. వారితో అతనికున్న ఒప్పందం ఆ సంఖ్యే.