రాగితొట్టి రాజసము

పదునేడవ శతాబ్దపు ఫ్రాన్సు దేశమున చిత్రములకు కూడ అంతస్తులుండెడివి. 1667లో ఆంద్రె ఫెలిబియాన్ అను పండితుడు నిర్ణయించిన వరుసలో పురాణేతిహాస ఘట్టములను చిత్రించువారికి అగ్రాసనము దక్కగా, మనుష్యుల రూపచిత్రములును, జంతువులును, ప్రకృతిదృశ్యములును క్రమముగా తరువాతి స్థానములను పొందగా, పండ్లు, పువ్వులు మొదలగు చలనరహిత వస్తువులను చిత్రించువారు కడపటి పంక్తిలో కూర్చుండవలసినవారైరి. మనుష్యుడు సృష్టిలో శ్రేష్ఠుడు గనుక వాని చిత్రము శ్రేష్ఠము, కుండ నిర్జీవము గనుక దాని చిత్రము అల్పము అన్నదే ఈ తీర్పునకు మూలమైన తర్కము. ఈ తర్కమును వాదముతో గాక కేవలము కుంచెతో కూలద్రోసిన మహనీయుడు జాన్ సిమియోన్ షార్దాన్.

1699లో పారిస్ నగరమున ఒక వడ్రంగి యింట జన్మించిన షార్దాన్‌ను 1728లో రాజాస్థాన చిత్రకళా పరిషత్తు సభ్యునిగా స్వీకరించెను. ఆ సందర్భమున ఆయన సమర్పించిన చిత్రములలో ‘టేకుచేప’ సుప్రసిద్ధము. కడుపు చీల్చి కొక్కెమునకు తగిలించిన పెద్ద చేప, ఆలిచిప్పలమీద అడుగుపెట్టి ఒడలు బిగించిన పిల్లి, బల్ల అంచును దాటి చూపరుల వైపునకు పిడి చాచిన కత్తి, దాపున ఒక కూజా: వంటశాలలోని ఈ సామాన్య సామగ్రిలోని ప్రాణబలమునకు పరిషత్తు పెద్దలు తలయూపక తప్పలేదు. అయినను వారు ఆయనను చేర్చుకొన్నది జంతువులను, ఫలములను చిత్రించువానిగానే. గౌరవము లభించినదే గాని పంక్తి మారలేదు. నడుమ కొంతకాలము గృహజీవన దృశ్యములను మనోహరముగా చిత్రించినను, తుదకు ఆయన పాత్రల కడకే మరలివచ్చెను.

అంతకు పూర్వమే, 1734 ప్రాంతమున, ఆయన ఒక చిన్న చెక్కపలకపై చిత్రించిన ‘రాగితొట్టి’ నేడు లూవ్ర్ మ్యూజియమున నున్నది. మన యిండ్లలోని గంగాళమువలె నిండుగానున్న రాగిపాత్ర, దానిని మోయు కొయ్యపీట, క్రింద నీరు వదలు చిన్న కుళాయి, చుట్టును ఒక బాల్చీ, నీరు ముంచుకొను పాత్ర, ఒక కూజా, ఇంతే చిత్రము. గొట్టములలో నీరు రాని ఆనాటి పారిస్ యిండ్లలో, నీరు మోసి తెచ్చువారు పోసిన నీటిని నిలువయుంచుటకు ఇట్టి తొట్టియే ఆధారము. అది చిత్రకారుని సొంత వస్తువే. భార్య మరణానంతరము 1737లో వ్రాయబడిన గృహసామగ్రి పట్టికలో అట్టి రాగితొట్టి యొకటి పేర్కొనబడినది. నిత్యము కంటబడుట చేతనే మనము చూడుట మానివేసిన వస్తువును ఆయన తొలిసారి చూచినంత శ్రద్ధతో చూచెను. ఆ రాగి యెఱుపు ఏ రెండు తావులందును ఒక్క తీరున నుండదు. వెలుగు సోకిన చోట పసిమి తేరి, ప్రక్కకు ఒరిగిన కొలది ముదురెక్కి, నీడలో గోధుమవన్నెలోనికి కరగిపోవును.

1761 ప్రాంతపు మఱియొక చిత్రము అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరపు కార్నెగీ మ్యూజియమున నున్నది. ఒక గాజుగ్లాసెడు నీళ్లు, ఒక గోధుమవన్నె కాఫీకూజా, మూడు వెల్లుల్లి గడ్డలు. గ్లాసు అడుగున సన్నగిల్లి పైకి విచ్చుకొనగా, కూజా అడుగున వెడలుపై పైకి సన్నగిల్లును. ఒకటి వెలుగును తనలోనుండి పోనిచ్చును, రెండవది దానిని తనపైననే ఆపును. ఇట్లు రెండు పాత్రలు ఒకదానికొకటి బదులు చెప్పుకొనుచుండగా, వాని చెంత వెల్లుల్లి తెలుపు చిత్రమునకు తేటదనము నిచ్చుచున్నది. షార్దాన్ చిత్రములకు మిక్కిలి దగ్గరగా పోయినచో మందముగా పరచిన రంగు పూతలే కనబడుననియు, కొంత వెనుకకు జరిగినచో రూపములన్నియు మరల పుట్టుకొని వచ్చుననియు కళావిమర్శకుడు దీదెరో 1763లోనే గుర్తించి, ఆ విద్యను ఇంద్రజాలముగా కీర్తించెను.

1768 ప్రాంతమున చిత్రించిన ‘వెండి గిన్నె’లో ఈ విద్య పరాకాష్ఠ నందుకొన్నది. చెంతనున్న ఆపిల్ పండ్ల యెఱుపు వెండిపై పడి, చల్లని లోహము వెచ్చనైనది. ఏ వస్తువును ఒంటరిగా తనంత తాను నిలువదనియు, ప్రక్కనున్న దాని కాంతిని కొంత తీసికొని తన కాంతిని కొంత యిచ్చుననియు ఆ చిత్రము చెప్పక చెప్పుచున్నది. వెండికెంత ఆదరము చూపెనో మట్టికిని వెల్లుల్లికిని అంతే ఆదరము చూపిన ఆ సమదృష్టియే షార్దాన్ కళకు ఆయువుపట్టు.

1779లో ఆయన కన్నుమూసిన పిదప కొన్ని తరములు ఆ కీర్తి మరుగునబడి, పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున మరల వెలుగులోనికి వచ్చెను. లూయి లా కాజ్ అను వైద్యుడు సేకరించిన షార్దాన్ చిత్రములు 1869లో లూవ్ర్‌కు చేరగా, నవ్య చిత్రకారులకు అవి పాఠ్యములైనవి. వారిలో మతీస్ అంతటివాడు ‘టేకుచేప’ యెదుట నిలిచి దానికి ప్రతి వ్రాసికొనెను. 2022లో షార్దాన్ చిత్రించిన ‘అడవి స్ట్రాబెరీల బుట్ట’ వేలమునకు వచ్చి రెండుకోట్ల నలుబది లక్షల యూరోలకు మించి పలికినప్పుడు, అది దేశము దాటిపోకుండ ఫ్రెంచి ప్రభుత్వము జాతీయ నిధిగా ప్రకటించి ఆపినది. దానిని దక్కించుకొనుటకై లూవ్ర్‌వారు ప్రజలను చేయిచాచి అడుగగా, వేలకొలది సామాన్యులు తమకు తోచినంత సమర్పించిరి. 2024లో ఆ చిత్రము లూవ్ర్ సొత్తైనది. అందు వీరుడు లేడు, దేవత లేదు. ఒక బుట్టెడు పండ్లు, గ్లాసెడు నీళ్లు, కొన్ని పువ్వులు మాత్రమే కలవు. ఓపికతోను ప్రేమతోను చూచు కంటికి ఇలలో అల్పవస్తువు లేదన్న షార్దాన్ విశ్వాసమును ఆ దాతలు తమ విశ్వాసముగా స్వీకరించిరి.