ప్రభుత్వ ప్రకటనలు – పత్రికలకు చేయూత: ఆమదాలవలస నేపథ్యంలో ఒక పరిశీలన

1. ప్రవేశిక

హౌరా–చెన్నై రైలుమార్గంలో 'శ్రీకాకుళం రోడ్డు' అనే స్టేషను ఉన్న ఊరు ఆమదాలవలస. మున్సిపాలిటీ నిర్ణయాలు, మూతబడిన చక్కెర కర్మాగారం, నాగావళి నీరు వంటి ఈ ఊరి విషయాలు ఎక్కువగా దినపత్రికల జిల్లా పేజీల్లోనే వెలుగు చూస్తాయి. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ప్రారంభమైన 'ఈనాడు' 1989లో జిల్లా అనుబంధాలను ప్రవేశపెట్టిన తరువాత ఇటువంటి చిన్న పట్టణాలకు నిత్యం వార్తల్లో చోటు దక్కింది. ఆ పేజీలకు ఆధారం మండలస్థాయి విలేకరి. ప్రకటనల ఆదాయం అంతర్జాల వేదికలకు తరలిపోవడంతోను, 2020 లాక్‌డౌన్ కాలంలో పేజీలు కుదించుకోవడంతోను ఆ ఆధారం బలహీనపడింది. పత్రికలకు ప్రభుత్వం అందించే సహాయం ఈ విలేకరి వరకు చేరుతున్నదా అన్నది ఈ వ్యాసం పరిశీలించే అంశం.

2. ప్రకటనలే సహాయంగా మారిన తీరు

చిన్న పత్రికలను ఆదుకోవడానికి కేంద్రం ఒకప్పుడు పెద్ద పత్రికలను కట్టడి చేయజూసింది. 1972–73 న్యూస్‌ప్రింట్ విధానం పత్రికలకు పది పేజీల పరిమితి విధించగా, బెనెట్ కోల్‌మన్ కేసులో సుప్రీంకోర్టు దానిని భావప్రకటనా స్వేచ్ఛకు విరుద్ధమని కొట్టివేసింది. పెద్దవారిని తగ్గించే దారి అలా మూసుకుపోయింది. మిగిలినది ఇచ్చే దారి. అందులో ప్రధానమైనవి ప్రకటనలు.

కేంద్ర ప్రకటనల ధరలు 2019 జనవరిలో 25 శాతం పెరిగాయి. 2025 నవంబరులో మరో 26 శాతం పెంపు ప్రకటించారు. లక్ష ప్రతుల దినపత్రికలో నలుపు తెలుపు ప్రకటనకు చదరపు సెంటీమీటరు ధర 47.40 రూపాయల నుంచి 59.68 రూపాయలకు చేరింది. ఈ లెక్కకు ఆధారం సర్క్యులేషను. ఎక్కువ ప్రతులున్న పత్రికకే ఎక్కువ సొమ్ము. కష్టాల్లో ఉన్న పత్రిక ఏది, మండలాల్లో విలేకరులను నిలుపుకొన్న పత్రిక ఏది అన్న ప్రశ్నలకు ఈ లెక్కలో స్థానం లేదు. దిగుమతి న్యూస్‌ప్రింట్‌పై 2019లో విధించిన 10 శాతం సుంకాన్ని మరుసటి ఏడాది 5 శాతానికి తగ్గించడమూ ఇటువంటిదే. ఆదా అయ్యేది కాగితం ఖర్చు మాత్రమే.

3. ప్రతుల కొనుగోలు

2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామ, వార్డు వాలంటీర్లు విస్తృత సర్క్యులేషను గల ఒక దినపత్రిక కొనుక్కోవడానికి నెలకు 200 రూపాయలు మంజూరు చేసింది. ముఖ్యమంత్రి కుటుంబానికి చెందిన 'సాక్షి'కి మేలు చేయడానికే ఈ ఉత్తర్వు అని 'ఈనాడు' ప్రచురణ సంస్థ హైకోర్టును ఆశ్రయించింది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ కేసును ఢిల్లీ హైకోర్టుకు బదిలీ చేసింది. ఉద్దేశం ఏదైనా, కొనేది ప్రభుత్వ సొమ్ము అయినప్పుడు పాఠకుడి ఎంపికను ప్రభుత్వ ఎంపిక నుంచి విడదీసి చూడటం కష్టం.

4. విలేకరి స్థితి

మండల విలేకరికి సాధారణంగా నెలజీతం ఉండదు. ప్రచురితమైన వార్తల నిడివిని బట్టి కొద్ది పారితోషికం, తెచ్చిన ప్రకటనలపై కమీషను, ఇవే రాబడి. ఏ కార్యాలయం పనితీరుపై రాయాలో, పండుగనాటి శుభాకాంక్షల ప్రకటన కోసం ఆ కార్యాలయం గుమ్మమే ఎక్కాలి. అతని అక్రిడిటేషన్ కార్డు కూడా ప్రభుత్వం ఇచ్చేదే. కాబట్టి ప్రకటనల రూపంలోని సహాయం పెరిగినకొద్దీ అతని స్వేచ్ఛ కూడా పెరుగుతుందని అనుకోలేము. తగ్గే అవకాశమే ఎక్కువ.

స్వీడన్ 1971 నుంచి, ఒకే ప్రాంతంలో పోటీలో వెనుకబడిన రెండో పత్రికకు నేరుగా నిధులిచ్చింది. కెనడా 2019లో వార్తా సిబ్బంది జీతాల్లో 25 శాతం మేరకు పన్ను రాయితీ తెచ్చింది. రెండోది మనకు దగ్గరి నమూనాగా కనిపిస్తుంది. అయితే ఆ రాయితీకి సిబ్బంది వారానికి సగటున కనీసం 26 గంటలు పనిచేసే ఉద్యోగులై ఉండాలి. మన మండల విలేకరి పేరు జీతాల పట్టికలోనే ఉండదు. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం పార్ట్‌టైమ్ వారిని కూడా అంగీకరించింది గాని, జర్నలిజం ప్రధాన వృత్తి అయి ఉండాలన్నది. బీమా ఏజెన్సీతోనో, చిన్న దుకాణంతోనో ఇల్లు గడుపుకొంటూ వార్తలు రాసే వ్యక్తి ఆ నిర్వచనం అంచున నిలబడతాడు. విలేకరి పారితోషికానికి ముడిపెట్టిన సహాయం ఏదైనా రూపొందాలంటే, మొదట తమ కోసం రాసేవారి పేర్లు, వారికి చెల్లించే మొత్తాలు పత్రికలు వెల్లడించవలసి ఉంటుంది.