డోలు పుట్టిల్లు ఎక్కడ?

తోలు మారుస్తారు. వార్లు మారుస్తారు. రంగు మళ్లీ మళ్లీ పూస్తారు. మారకుండా మిగిలేది కట్టె ఒక్కటే. పాత వాద్యం సొంతూరు తెలియాలంటే ఆ కట్టెనే అడగాలి!

కార్తీక అమావాస్య వచ్చిందంటే పల్నాడులోని కారంపూడి వాద్యాల మోతతో దద్దరిల్లుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు... అయిదు రోజులపాటు వీరుల ఉత్సవాలు. పంబజోడు మోగుతుంటే వీరవిద్యావంతులు పల్నాటి కథ పాడతారు. ఆ కథ మీద అమెరికా పరిశోధకుడు జీన్ రోగైర్ రాసిన పుస్తకం 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వెలువడింది. అలా పాట పుస్తకంలోకి ఎక్కింది. పాటకు తోడుగా మోగిన పాత వాద్యాలు మాత్రం చాలాచోట్ల అటకెక్కుతాయి. లేదంటే పాతసామాను కొనేవాళ్ల చేతికి చేరతాయి. ఎవరు చేశారు, ఏ చెట్టుతో చేశారు అన్న వివరం కూడా వాటితోనే పోతుంది.

తోలును నమ్మొద్దు!

తోలు చిరిగితే కొత్తది వేయడం మామూలే. కాబట్టి తోలు చూసి వాద్యం వయసు చెప్పలేం. కాంగా సంగతే తీసుకోండి. ఆఫ్రికా మూలాలతో క్యూబాలో రూపుదిద్దుకున్న పొడవాటి డోలు ఇది. తొలినాళ్లలో పాత పీపాల చెక్కలతోనూ చేసేవారు. తోలును అంచుకు మేకులతో కొట్టి, శ్రుతికి రావడానికి మంట దగ్గర కాచేవారు... అచ్చం మన డప్పును సెగ చూపించినట్టే! ఇనుప మరలు బిగించే పద్ధతి 1950ల్లో బాగా వ్యాపించింది. మరలున్న కాంగా అంచున పాత మేకుల గుంటలు కనిపిస్తే, అది మొదట మేకుల కాంగాయేనన్నమాట.

పీపా చెక్క ఓడలో ఏ దేశం నుంచో వచ్చి ఉండొచ్చు. అంటే చెట్టు పుట్టిన చోటు ఒకటి, డోలు పుట్టిన చోటు మరొకటి. పేర్లూ అంతే. ఇప్పటి కాంగాల్లో కొన్నింటిని 'సియామ్ ఓక్'తో చేశామంటారు. నిజానికి అది ఓక్ కాదు, థాయ్‌లాండ్ తోటల్లోని రబ్బరుచెట్టు కలప!

చెట్టును పట్టేదిలా...

పైరంగు మోసం చేస్తుంది. తోలు విప్పినప్పుడు లోపలివైపు, అడ్డంగా కోసిన అంచు దగ్గర చూడాలి. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం చాలు. సన్నటి రంధ్రాలు కనిపిస్తాయి. టేకులో అవి వలయాల్లా వరుసకడతాయి. ముట్టుకుంటే కాస్త జిడ్డుగా ఉంటుంది. పనస చేవ కొత్తలో పసుపు, ఏళ్లు గడిచేకొద్దీ గోధుమరంగు. వేపది ఎర్రటి గోధుమరంగు. ఎర్రచందనం చేవ చాలా బరువు, నీళ్లలో మునుగుతుంది. వేగిస పొట్టును నీళ్లలో వేసి ఎండలో చూస్తే నీలిఛాయ మెరుస్తుంది. మధుమేహానికంటూ కొందరు నీళ్లు పోసుకుని తాగే చెక్కగ్లాసు ఈ చెట్టుదే.

పల్నాడు సున్నపురాతి మెట్టనేల. వేపకు కొదవలేదు. పనసకు తేమ కావాలి. వాద్యాలకు పనస కలప పంపే ఊళ్లలో తమిళనాడులోని పన్రుటికి పేరుంది. అందుకే నరసరావుపేటలోనో గురజాలలోనో పనస మృదంగం దొరికితే రెండే దారులు: కలప బయటినుంచి వచ్చింది, లేదా వాద్యమే వచ్చింది. ఏది నిజమో పనితనం చెబుతుంది. లోపల ఉలి దెబ్బలున్నాయా, లేతు మిషను గీతలున్నాయా? మొద్దును తొలిచారా, పలకలు అతికారా? వార్ల రంధ్రాలు ఎలా ఉన్నాయి? ఒకే ఊరి వాద్యాలు నాలుగు పక్కన పెట్టి చూస్తే పోలిక తెలుస్తుంది.

అప్పటికీ అనుమానం తీరకపోతే బెంగళూరులోని కలప శాస్త్ర, సాంకేతిక సంస్థ, డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థ ఉన్నాయి. చిన్న ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి, తమ దగ్గరున్న కలప నమూనాలతో పోల్చి చెట్టును గుర్తిస్తారు.

ఉప్పుకాగితం వద్దు

పాతదాన్ని కొత్తగా మెరిపించాలని లోపలంతా ఉప్పుకాగితంతో రుద్దితే ఉలి గుర్తులు, రాసుకున్న పేర్లు, ముదిరిన రంగు... అన్నీ పోతాయి. బాగుచేయించే ముందు ఫొటోలు తీయాలి. ఎవరు వాయించారు, ఏ కొలువులో మోగింది, తోలు ఎక్కడ వేయించేవారు అన్నది ఇంట్లో పెద్దలను అడిగి రాసుకోవాలి. భూతద్దానికి అందని కబురు వాళ్ల దగ్గరే ఉంటుంది. కట్టె ఇంకో తరం దాకా ఆగుతుందేమో గానీ, ఆ జ్ఞాపకం ఆగదు.