మాలిబ్డినం: నేల క్షారతతో లభ్యత పెరిగే సూక్ష్మపోషకం

మెత్తగా ఉండి కాగితంపై నల్లని గీత పెట్టే ఖనిజాలను పూర్వం సీసపు జాతిగానే భావించేవారు. సీసానికి గ్రీకు భాషలో ఉన్న ‘మాలిబ్డోస్’ అనే పేరు అలా ఈ లోహానికి అంటుకొంది. మాలిబ్డినైట్ సీసమూ కాదు, గ్రాఫైటూ కాదని 1778లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే నిరూపించగా, 1781లో హ్యెల్మ్ లోహాన్ని వేరుపరిచాడు. పరమాణు సంఖ్య 42 గల ఈ పరివర్తన మూలకం 2,623 డిగ్రీల సెల్సియస్ వద్దగాని కరగదు. గనుల నుండి వచ్చే మాలిబ్డినంలో అధిక భాగం ఉక్కు మిశ్రమాలకు పోతుంది.

పైరుకు కావలసింది అత్యల్పం. అయినా అది లేకుంటే నత్రజని జీవక్రియ కుంటుపడుతుంది. ఒక ఆక్సీకరణ స్థితి నుండి మరొక దానికి సులువుగా మారగల గుణం వల్ల ఇది నైట్రేట్ రిడక్టేజ్, నైట్రోజినేజ్ ఎంజైములలో ఎలక్ట్రాన్ల మార్పిడికి తోడ్పడుతుంది. మొక్కలకు ఇది అత్యావశ్యకమని 1939లో ఆర్నన్, స్టౌట్ టమాటాపై నిరూపించారు. లోపించిన పప్పుధాన్యపు పైరులో వేరు బుడిపెలు ఉన్నా సరిగా పనిచేయవు. ఆకులు పాలిపోతాయి. దీనిని నత్రజని లోపంగా పొరబడి యూరియా వేయించడం సులభం.

ఇనుము, జింకు, మాంగనీసు నేల ఉదజని సూచిక పెరిగేకొద్దీ మొక్కకు అందకుండా పోతాయి. మాలిబ్డినం తీరు ఇందుకు విరుద్ధం. ఆమ్ల నేలలలో మాలిబ్డేట్ అయాను ఇనుము, అల్యూమినియం ఆక్సైడులకు గట్టిగా అంటుకొంటుంది. క్షారత పెరిగితే విడివడుతుంది. కనుక అనేక ఆమ్ల నేలలలో సున్నం వేయడమే చికిత్స. దక్షిణ ఆస్ట్రేలియా పచ్చికబయళ్ళలో క్లోవర్ ఎదగకపోవడానికి ఈ లోపమే కారణమని 1942లో ఆండర్సన్ వెల్లడించాడు. హెక్టారుకు గ్రాములలో లెక్కించదగిన మోతాదు అక్కడ సరిపోయింది. మాలిబ్డేట్ లవణాన్ని విత్తనానికి పట్టించవచ్చు. అయితే రైజోబియం కల్చర్‌తో నేరుగా కలిపితే బాక్టీరియా చనిపోయే ప్రమాదముంది.

మితిమీరితే పైరుకన్నా ముందు పశువు దెబ్బతింటుంది. నెమరువేసే పశువుల కడుపులో మాలిబ్డినం గంధకంతో కలిసి రాగిని బంధిస్తుంది. విరేచనాలు పట్టుకొంటాయి, వెంట్రుకలు రంగు వెలిసిపోతాయి. ఇంగ్లండులోని సోమర్‌సెట్ బయళ్ళు ఇందుకు పేరుమోసినవి.

మనుషుల విషయంలోనూ అనుమానానికి తావిచ్చిన ఉదాహరణ తెలుగునాట ఉంది. నాగార్జునసాగర్ పరిసరాలలోని ఫ్లోరోసిస్ గ్రామాలలో 1970 దశకంలో మోకాళ్ళు లోపలికి వంగిపోయిన యువకులు కనిపించారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు అక్కడి జొన్నను పరిశీలించారు. జలాశయపు ఊటతో భూగర్భ జలమట్టం పైకి వచ్చి, నేల క్షారత పెరిగి, జొన్న గింజలో మాలిబ్డినం అధికమై ఉండవచ్చునని వారు భావించారు. మాలిబ్డినం అధికంగా ఉన్న జొన్న తిన్నవారిలో మూత్రం ద్వారా రాగి విసర్జన పెరగడాన్ని కూడా వారు గమనించారు.